మాచిపత్రి పేరుతో వయ్యారిభామకు పూజా?

ఈ మాట చవితికి ముందే చెప్పాలి. తర్వాత చెప్పి లాభం లేదు.

నిరుడు మన సంఘం పంచిన పత్రి కట్టల్లో మాచిపత్రి అని పెట్టింది మాచిపత్రి కాదు, వయ్యారిభామ. ఇక్కడ పుణెలో గాజర్ గవత్ అనేదీ, మన ఊళ్లలో కాంగ్రెస్ గడ్డి అనేదీ అదే. ఇరవై ఒక్క పత్రుల్లో మొదటిదానికే ఈ గతి!

ఇది మన పురాణాలు ఎరిగిన మొక్క కాదు. పుట్టిల్లు అమెరికా ఖండం. 1950లలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది మన పుణెలోనే. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందంటారు. ఇవాళ ఖాళీ ప్లాట్లలో, రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట అదే. తగిలితే కొందరికి దురద, దద్దుర్లు. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. దాన్ని పిల్లల దోసిట్లో పోసి పూజ చేయిస్తామా?

"భావం ముఖ్యం, ఆకు ఏదైతేనేం" అనే పెద్దలకు ఒకటే ప్రశ్న. ఏ ఆకైనా ఒకటే అయితే ఇరవై ఒక్క పేర్లు ఎందుకు చదువుతున్నాం? అమ్మినవాణ్ణి తిట్టడమూ న్యాయం కాదు. మనం పేరు చెప్పాం, మొక్క చూపించలేదు. మూడు తరాలుగా పేర్లు మోసుకొచ్చాం, మొక్కల్ని మరిచిపోయాం.

రెండింటి ఆకులూ చీలికలు చీలికలుగానే ఉంటాయి. మోసం అక్కడే. ముందు ఆకు వెనక్కి తిప్పి చూడండి. మాచిపత్రి అడుగున తెల్లటి నూగు ఉంటుంది, నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. వయ్యారిభామ ఆకు రెండు వైపులా ఆకుపచ్చే. కాండం మీద నిలువు గీతలు, కొసన గుత్తులుగా చిన్న తెల్లపూలు. అలా కనిపిస్తే నలిపి వాసన చూడకండి, పక్కన పెట్టేయండి.

ఇంకో సంగతి. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూజ అయ్యాక ఆ కొమ్మల్ని నది ఒడ్డున పారబోస్తే మనమే విత్తనం చల్లినట్టు.

కార్యవర్గానికి నా డిమాండ్ ఇదీ: కట్టలు పంచేముందు మొక్కలు తెలిసిన ఇద్దరు ప్రతి కట్టా విప్పి చూడాలి. మాచిపత్రి దొరక్కపోతే దొరకలేదని చెప్పండి. లేని పత్రికి బదులు అక్షతలు వేయడం మన పెద్దల పద్ధతే. వచ్చే ఏటికి ఇంటికో కుండీలో మాచిపత్రి పెంచుదాం. తేలిగ్గా బతికే మొక్క అది.