‘సాధారణంగా’ అనే మాటతో జాగ్రత్త

సింగరేణి బొగ్గు గనుల సెంటినరీ కాలనీలో ఎవరు పర్మినెంటో, ఎవరు కాంట్రాక్టో చెప్పడానికి ఎవరికీ చట్టం పుస్తకం అక్కర్లేదు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పొరను కప్పి ఉండే ఓబీ మట్టి మోసే ప్రైవేటు టిప్పర్ డ్రైవరు కాంట్రాక్టు. తెల్లారకముందే క్వార్టర్ల మధ్య వీధులు ఊడ్చే ఆమె కాంట్రాక్టు. ఏళ్ల తరబడి అదే పని, అదే చోటు. టెండరు మారినప్పుడల్లా కాంట్రాక్టరు పేరు మారుతుంది, గేటు పాసు మారుతుంది, మనిషి మారడు. ఈ ఏర్పాటు చట్టం కన్నుగప్పి నడుస్తోందని కార్మిక సంఘాలు ఇన్నాళ్లూ వాదించాయి. ఇకపై ఇదే ఏర్పాటుకు చట్టం అండగా నిలబడే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఒక్క మాటలో దాగి ఉంది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం పోయి, దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. ఈ కోడ్‌లో 57వ సెక్షన్ మొదటి వాక్యం వింటే కార్మికుడికి ధైర్యం కలుగుతుంది. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని అది శాసిస్తుంది. పాత చట్టంలో నేరుగా ఇలాంటి నిషేధం లేదు. ఏ పనిలో కాంట్రాక్టు వద్దో ప్రభుత్వం ఒక్కొక్కటిగా నోటిఫై చేయాల్సి వచ్చేది. ఆ లెక్కన కొత్త చట్టమే మేలనిపిస్తుంది. కానీ దాని వెంటే మినహాయింపులు వచ్చాయి. ఏ పనినైనా ‘సాధారణంగా’ కాంట్రాక్టరు ద్వారానే చేయించే పద్ధతి ఆ సంస్థలో ఉంటే నిషేధం వర్తించదన్నది మొదటిది.

ఎప్పటి నుంచి జరుగుతుంటే సాధారణం? చట్టబద్ధంగా జరిగితేనా, ఎలా జరిగినా సరేనా? కోడ్ చెప్పలేదు. 1975 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధించిన పనుల్లో బొగ్గు తీయడం, బొగ్గు లోడింగు, అన్‌లోడింగు, ఓబీ తొలగింపు ఉన్నాయి. తర్వాత సడలింపులు వచ్చాయి, సాకులు దొరికాయి, అవుట్‌సోర్సింగ్ అనే కొత్త పేరు వచ్చింది. ఈనాడు రామగుండం ఓపెన్‌కాస్టుల్లో ఓబీ పనిలో అధిక భాగం ప్రైవేటు ఏజెన్సీలదే. రేపు ట్రిబ్యునల్‌లో యాజమాన్యం తరఫు వకీలు లేచి, ‘అయ్యా, ఈ పని మా దగ్గర సాధారణంగా కాంట్రాక్టరే చేస్తాడు’ అంటే అబద్ధమనడానికి వీల్లేదు. ఇన్నేళ్ల ఉల్లంఘనే సాక్ష్యంగా నిలబడుతుంది. తాను చేసిన తప్పు నుంచి తానే లాభం పొందరాదన్నది న్యాయస్థానాలు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం. ఇక్కడ దాన్ని ప్రయోగించాలంటే ‘సాధారణంగా’ అన్న మాటకు ‘చట్టప్రకారం సాధారణంగా’ అని అర్థం చెప్పించాలి. ఆ పని ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప జరగదు.

ఇక ప్రధాన కార్యకలాపమంటే ఏమిటో చెప్పే నిర్వచనం చూడండి. పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, ఆసుపత్రి నిర్వహణ, తోటపని, రవాణా, సివిల్ పనులు అందులోకి రావని జాబితా ఇచ్చారు. సెంటినరీ కాలనీలో ఆడవాళ్లకు దొరికే కంపెనీ పనులు దాదాపు అన్నీ ఈ జాబితాలోనే ఉన్నాయి. లోడింగు, అన్‌లోడింగు కూడా ఉంది. 1975 నాటి నిషేధిత పనుల్లో పేరు పెట్టి చెప్పిన పని ఇప్పుడు మినహాయింపుల్లోకి చేరింది. ‘ఆ పని కోసమే సంస్థను నెలకొల్పకపోతే’ అన్న షరతు ఒక్కటే మిగిలిన ఆధారం. బొగ్గు కంపెనీ బొగ్గు తీయడానికి పుట్టిందా, తీసి వ్యాగన్లలో ఎత్తి పంపడానికీ పుట్టిందా? బొగ్గు లోడింగు జరిగే సీహెచ్‌పీ ప్లాంటులో పనిచేసేవాణ్ని అడిగితే నవ్వుతాడు. కోర్టులో మాత్రం ఇది పదేళ్లు నలగగల ప్రశ్న. ఇవి చాలవన్నట్టు, అప్పుడప్పుడు జరిగే పనైతే అది ప్రధానమైనదే అయినా లెక్కలోకి రాదన్నారు.

మాట కోర్టులో ఎంత పనిచేస్తుందో సింగరేణికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. వారసత్వ ఉద్యోగాలిస్తామని నాయకులు సభల్లో ఊదరగొట్టారు. 48 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న కార్మికుడు స్వచ్ఛందంగా దిగిపోతే కొడుక్కో, అల్లుడికో, తమ్ముడికో ఉద్యోగమన్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వంశాన్ని బట్టి వివక్ష కూడదని రాజ్యాంగం 16వ అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ తర్వాత అనారోగ్యం ఆధారంగా కారుణ్య నియామకాలంటూ దారి మార్చారు. అప్పటినుంచి మెడికల్ బోర్డు కాగితం మీద రాసే ‘అన్‌ఫిట్’ అనే మాట చుట్టూ ఇంటి భవిష్యత్తు తిరుగుతోంది. చప్పట్ల కోసం వాడిన మాటకు మూల్యం చెల్లించింది మాత్రం కార్మికుల పిల్లలు.

మాట కార్మికుడి వైపు నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. ఒడిశాలోని మహానది కోల్‌ఫీల్డ్స్‌లో 32 మంది కాంట్రాక్టు కార్మికుల్లో 19 మందిని రెగ్యులర్ చేసి, మిగతా 13 మందిది నిరంతర పని కాదని వదిలేశారు. అందరి పనీ ఒకే స్వభావానిదని, అది నిరంతరమైనదేనని 2024 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. గెలిపించింది సానుభూతి అనుకుంటే పొరపాటు. ఎవరు ఏ పని, ఎక్కడ, ఎన్నాళ్లు చేశారన్న వివరం ట్రిబ్యునల్ ముందు సాక్ష్యంగా పెట్టారు కాబట్టి గెలిచారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత హాజరు కాగితాలు మాయమయ్యే మన చోట ఆ సాక్ష్యం ఎవరి దగ్గరుంది?

2022 మార్చిలో ఇక్కడి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. భూగర్భంలో అధికారుల పక్కన నిలబడి పనిచేసినవాడి పని ప్రధానమా కాదా అని నిర్వచనాల్లో వెతుక్కోవలసిన స్థితి రావడమే సిగ్గుచేటు. అదే ఏడాది సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు పక్షం రోజులకు పైగా సమ్మె చేసింది వేతనాల కోసం. రాబోయే తగాదా వేతనంతో ఆగదు.

ఒక విషయంలో భ్రమ వద్దు. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే అయినా, గనుల విషయంలో ఈ కోడ్ కింద నిర్ణయాధికారం కేంద్రానిది. హైదరాబాదులో వినతిపత్రాలిచ్చి ఫొటోలు దిగితే సరిపోదు. ఏది ప్రధాన కార్యకలాపమో తేల్చమని అడిగే హక్కును నష్టపోయినవారికి ఇదే సెక్షన్ ఇచ్చింది. సలహాకు ఒక అధికారిని నియమించవచ్చని, తుది నిర్ణయం ప్రభుత్వానిదని కూడా చెప్పింది. యాజమాన్యాలు ‘సాధారణంగా’ అనే మాటకు తమ అర్థం స్థిరపరచుకోకముందే గుర్తింపు సంఘం, కాంట్రాక్టు కార్మిక సంఘాలు కలిసి ఓబీ మీద, సీహెచ్‌పీ లోడింగు మీద మొదటి దరఖాస్తు వేయాలి. వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వం ఈ పనుల మీద తన వైఖరేమిటో రాతపూర్వకంగా చెప్పాలి. కార్మికులు పాత గేటు పాసులు, పీఎఫ్ చీటీలు, జీతం రసీదులు ఒక్కటి కూడా పారేయకుండా దాచుకోవాలి.