కొండకు బోవువారి మూట

మగవారు కొండలకు ప్రయాణమైనపుడు మూట గట్టు పని తఱచుగా మన చేతికే వచ్చును. అందేమి యుంచవలయునో, ఏమి యుంచరాదో తెలిసికొనుట గృహిణికి ముఖ్యము.

అరకు, పాడేరు ప్రాంతముల గిరిజనులు చైత్రమాసమున, విత్తులు చల్లుటకు ముందు, ఇటుకల పండుగ చేసికొందురు. ఆ దినములలో మగవారు విల్లంబులు గొని వేటకు బోవుట పూర్వాచారము. అంబలి నింపిన ఆనపకాయ బుఱ్ఱయే కొండవారికి దారిబత్తెము. వేట దొరకక వట్టి చేతులతో మరలి వచ్చినవారిపై స్త్రీలు పేడనీళ్లు చల్లి పరిహసించుటయు నా పండుగలోని వేడుకయే.

ఆ ముచ్చట విని పట్టణపు పడుచువారు తుపాకి మూటలో పెట్టుమన్నచో మనము సమ్మతింపరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వేట నిషిద్ధమైనది. ఆ చట్టపు మొదటి పట్టికలోని జంతువును చంపినవానికి 2022వ సంవత్సరపు సవరణ ననుసరించి 3 ఏండ్లకు తగ్గని, 7 ఏండ్లకు మించని చెఱయు, 25,000 రూపాయలకు తగ్గని జుల్మానాయు విధింపవచ్చును. అడవిజంతువు మాంసమును కొనుటయు, ఇంట నుంచుకొనుటయు నేరమే. కావున "వండిపెట్టు" మని యెవరైన దుప్పి మాంసము తెచ్చినచో, అది పొయ్యి మీదికి రాకుండ జూచుట మన వంతు. తుపాకికి బదులు దుర్భిణి నుంచుడు. జంతువును జూచిన సంతోషమునకు జుల్మానా లేదు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. మార్గశిర పుష్యములలో రాత్రులు వణకించును. ఉన్నిశాలువ, చెవులు గప్పు టోపి, రెండు జతల మేజోళ్లు తప్పక యుండవలెను. చేతులును కాళ్లును పూర్తిగా గప్పు ముదురురంగు కాని నూలుబట్టలు, దోమతెర, టార్చిలైటు, అగ్గిపెట్టె, కాచి చల్లార్చిన నీరు, అటుకులు, వేయించిన సెనగలు, బెల్లము చేర్చుడు. రోజూ వాడు మందులు వేఱుగా మూటగట్టి పై నుంచుడు. బరువు మోయువాడు తానే యని జ్ఞప్తియుంచుకొని తక్కినవి మానుడు.

దోమతెరను మాత్రము బరువని తీసివేయనీయకుడు. ఆ కొండలలో మలేరియా, అందును మెదడునకు సోకి ప్రాణము దీయగల ఫాల్సిపేరం జాతి, చిరకాలముగా నున్నది. దోమ కుట్టిన వెంటనే జ్వరము రాదు. సామాన్యముగా వారము మొదలు రెండు వారములకును, ఒక్కొకప్పుడు మఱింత యాలస్యముగను వచ్చును. ఇల్లు చేరిన పిమ్మట చలిజ్వరము తగిలినచో కషాయములతో కాలము గడపక, నాడే వైద్యునికి జూపి, "కొండకు బోయి వచ్చినా"రని చెప్పి, రక్తపరీక్ష చేయింపవలెను. ఆ యొక్క మాట చెప్పక పోవుటచే చికిత్స యాలస్యము కావచ్చును.

కడపట నొక మాట. దారి చూపు గిరిజనునికి కూలి ముందుగా మాటాడుకొని, మరలునాడు నిండుగా నీయవలెను. అడవిలో నాతని మాటయే శాసనము. ఆతడు కూర్చుండుమన్న చోట కూర్చుండి, మరలుమన్న చోట మరలిన వారు క్షేమముగా నిలు చేరుదురు. ఈ బుద్ధి మూటలో గట్టుటకు వీలులేదు గాన, గుమ్మము దాటకమునుపే చెప్పి పంపుడు.