జవాబు చెప్పేస్తే ఏం పోతుంది?

జూన్ సెలవులు మొదలయ్యాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ కనిపిస్తుంది. "బిషాన్ పార్కు దగ్గర ఆ ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టె ఎవరికైనా దొరికిందా? మావాళ్ళు రెండు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. ఆన్సర్ ఉంటే పెట్టండి ప్లీజ్!" అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు అంకెలు పెట్టేస్తారు. కింద వరసగా దండాలు, థాంక్యూలు. ఒకావిడ మాత్రం "అలా అందరికీ పెట్టకూడదేమో వదినా" అంటుంది. "పిల్లలాటకి కూడా ఇన్ని నీతులా!" అని ఇంకొకావిడ నవ్వేస్తుంది. ఇద్దరిలో ఎవరిది సబబు? ఈ నెల ఆ సంగతి చూద్దాం.

ముందు ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. జియోకాషింగ్ అంటే జీపీఎస్‌తో ఆడే దాగుడుమూతలు. ఒకరు ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ప్రకటిస్తారు. మనం ఫోన్ పట్టుకుని వెళ్ళి వెతకాలి. దొరికితే లోపలున్న కాగితం మీద సంతకం చేసి, ఎక్కడిది అక్కడే పెట్టేసి రావాలి. సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన తేడాని 2000 మే 2న తీసేసింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్‌లో పుస్తకాలు, బీన్స్ డబ్బాలాంటివి పెట్టి దాచి, చోటు చెప్పాడు. ఆట అలా పుట్టింది. ఇవాళ ప్రపంచం మొత్తం మీద ఇలా దాచిన పెట్టెలు 30 లక్షలకు పైమాటే.

వీటిలో ఒక జాతి ఉంది, మిస్టరీ పెట్టెలని. మ్యాపులో నీలం ప్రశ్నార్థకంతో కనిపిస్తాయి. మ్యాపు చూపించిన చోట పెట్టె ఉండదు. ముందు ఒక చిక్కుముడి విప్పాలి. అది లెక్క కావచ్చు, సంకేతలిపి కావచ్చు, పాటల స్వరాలు కావచ్చు. విప్పితే అసలు చోటు తెలుస్తుంది. చూపిన చోటుకీ అసలు చోటుకీ మామూలుగా రెండు మైళ్ళకు, అంటే 3.2 కిలోమీటర్లకు మించి దూరం ఉండకూడదన్నది నియమం.

ఇక్కడే ఒక తమాషా ఉంది. బిషాన్ చుట్టుపక్కల ఎక్కడ దాచినా ఉత్తరం 1 డిగ్రీ, తూర్పు 103 డిగ్రీలే. నిమిషాలు కూడా ఇంచుమించు 21, 50 దగ్గరే, మహా అయితే ఒకటి రెండు అటూ ఇటూ. నిజంగా తెలియాల్సినవి ఆ నిమిషాల తర్వాత వచ్చే దశాంశ అంకెలు, ఇటు మూడు, అటు మూడు. చివరి అంకె ఒకటి మారితే చోటు రెండు మీటర్లకు కాస్త తక్కువగా జరుగుతుంది. అంటే ఎవరో వారాల తరబడి కూర్చుని అల్లిన చిక్కుముడికి జవాబు మొత్తం కలిపి ఆరంకెలు. ఫోన్ నంబరు కంటే చిన్నది. అందుకే దాన్ని పంపడం అంత తేలిక. ఏదో పంపేశామన్న స్పృహ కూడా ఉండదు.

ఆ ఆరంకెలతో పాటు పోయేదేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. బిషాన్ మీద ఎవరో ఒక పజిల్ కట్టారనుకోండి. ఇక్కడి ఎంఆర్‌టీ స్టేషన్ తెరిచిన సంవత్సరం కావాలి, 1987. పార్కులో పారే కాలాంగ్ నది ఒకప్పుడు ఎంత పొడవు కాంక్రీటు కాలువో కావాలి, 2.7 కిలోమీటర్లు. ఆ కాంక్రీటు పగలగొట్టి, వంపులు తిరిగే ఏరుగా మార్చాక ఎంత పొడవైందో కావాలి, 3.2 కిలోమీటర్లు. ఆ పార్కును మళ్ళీ తెరిచిన సంవత్సరం కావాలి, 2012. ఇవి పట్టుకోవడానికి పిల్ల బోర్డులు చదవాలి, ఒడ్డున నడవాలి. నడుస్తూ "తిన్నగా ఉన్న కాలువ వంకర పోతే పొడవెందుకు పెరిగిందమ్మా?" అని అడుగుతుంది. మనం ఈ బిషాన్ పేరు గురించి చెబుతాం. ఇక్కడ పెక్ సాన్ థెంగ్ అనే చీనావారి శ్మశానవాటిక ఉండేదని, 1980లలో దాన్ని తవ్వి ఊరు కట్టారని, 'పెక్ సాన్' అన్న మాటనే మాండరిన్‌లో పలికితే 'బిషాన్' అయిందని, అర్థం పచ్చని కొండ అని. అదృష్టం బాగుంటే ఏట్లో నీటిపిల్లులు కూడా కనిపిస్తాయి. ఆరంకెలు పంపితే పిల్ల తిన్నగా ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి, బొటనవేలంత డబ్బా తీసి, సంతకం చేసి, ఇంటికొచ్చేస్తుంది. డబ్బాలో ఏముంది? చుట్టిన కాగితం. దాచినవాళ్ళు ఇవ్వాలనుకున్నది ఆ కాగితం కాదు కదా.

"నియమాలు ఒప్పుకుంటాయిగా" అని ఒక వాదన ఉంది. సగం నిజమే. ఆ కాగితం మీద సంతకం ఉంటే పెట్టె దొరికినట్టే లెక్క. పజిల్ నువ్వే విప్పావా అని నిలదీసి, ఆ లెక్క కొట్టేసే హక్కు దాచినవాళ్ళకి లేదు. కానీ దాచినవాళ్ళ అనుమతి లేకుండా జవాబులూ, గుప్త అక్షాంశ రేఖాంశాలూ తమ సైటులో పెట్టకూడదని అదే ఆట నిబంధనల్లో ఉంది. మన వాట్సాప్ గ్రూపు ఆ సైటు కిందికి రాదు కాబట్టి అక్కడ ఏ పోలీసూ లేడు. నియమం చేరని చోటే మర్యాద పని మొదలవుతుంది. పక్కింటావిడ ఊరెళుతూ తాళంచెవి మనకిస్తే, దానికి నకళ్ళు తీయించి పంచకూడదని ఎక్కడా రాసి ఉండదు.

దాచినవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. వాళ్ళకి ఎవరూ జీతం ఇవ్వరు. సింగపూర్ వానలకి కాగితం నానిపోతే మార్చాలి. డబ్బా పోతే మళ్ళీ పెట్టాలి. అనుమానాస్పద వస్తువని ఎవరూ కంగారు పడని చోటు చూసుకోవాలి. ఇంత చేసేదీ, ఎప్పుడో ఒకరు "మూడు రోజులు పట్టింది, నిన్న అర్ధరాత్రి తట్టింది!" అని రాసే ఒక్క వాక్యం కోసం. కష్టస్థాయి అయిదుకి అయిదు నక్షత్రాలున్న పెట్టెకి ఒకే ఆదివారం గుంపుగా సంతకాలు పడితే ఏం జరిగిందో వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. కొందరు చోటు మార్చి మళ్ళీ కడతారు. కొందరు విసిగి పెట్టె తీసేస్తారు. అప్పుడు నష్టం ఇంకా ఆ పజిల్ ముట్టుకోని పిల్లలందరికీ.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మా బ్లాకులో ఉండే పదకొండేళ్ళ పిల్ల. నాలుగు రోజులు కాగితాలు నింపి, తప్పులు కొట్టేసి, తనంతట తానే విప్పింది. గంతులేసుకుంటూ వెళితే, కాగితం మీద తన క్లాసు పిల్లల పేర్లు అప్పటికే ఉన్నాయి. "మాకు అమ్మ గ్రూపులో వచ్చింది" అన్నారు వాళ్ళు, ఏ దాపరికమూ లేకుండా. వాళ్ళ తప్పేం లేదు. ఈ పిల్ల కూడా ఏడవలేదు. "అయితే అడిగితే సరిపోయేదన్నమాట" అంది. ఆ మాట మంచిది కాదు. నాలుగు రోజుల కష్టం నుంచి పిల్ల నేర్చుకున్న పాఠం అదైతే, గ్రూపులో మనం పెట్టిన దండాలు చాలా ఖరీదైనవి.

అలాగని తల్లుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. వారంలో దొరికేది ఒక్క ఆదివారం, బయట ఎండ, సాయంత్రానికి వాన. పక్కవాళ్ళకి దొరికి మనవాళ్ళకి దొరకకపోతే మనసు ఊరుకోదు. ఈ ఊళ్ళో దానికి 'కియాసు' అని పేరే ఉంది. కానీ ఒక్కటి గమనించండి. అసెస్‌మెంట్ పుస్తకం కొనగానే వెనకున్న జవాబుల పేజీలు చింపి బీరువాలో దాచేది మనమే. పీఎస్‌ఎల్‌ఈ లెక్కకి జవాబు చూడకూడదని అంత గట్టిగా నమ్మే మనం, సరదా కోసం ఆడే ఆటలో మాత్రం జవాబు అందిస్తాం. మార్కులున్న చోటే నిజాయితీ, మార్కులు లేని చోట ఏదైనా ఫరవాలేదు అని పిల్లలకి అర్థమయ్యే ప్రమాదం ఉంది.

మరి సాయమే చేయకూడదా? చేయాలి. సాయానికీ, అప్పజెప్పడానికీ తేడా మనకి ముగ్గు నేర్పింది. పిల్లకి ముగ్గు రాకపోతే మనం చుక్కలు పెట్టిస్తాం, మొదటి గీత ఎటు తిప్పాలో చూపిస్తాం. మొత్తం మనమే వేసేసి "నీ ముగ్గు బాగుంది" అనం.

ఈ ఆటలో చుక్కలు పెట్టే పద్ధతులు చాలానే ఉన్నాయి. పెట్టె పేజీలో సూచన ఉంటే, అది ఇంగ్లీషు అక్షరాలని పదమూడేసి స్థానాలు జరిపి రాసి ఉంటుంది. చిన్నప్పుడు మనం పెద్దవాళ్ళకి తెలియకుండా మాట్లాడుకున్న 'క భాష' లాంటిదే. విప్పడం చాలా సులువు, ఒక్క నొక్కు చాలు. అది తాళం కాదు, గుమ్మానికి వేసిన తెర. చూడాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవడానికి. చాలా పెట్టెలకి జవాబు సరిచూసే ఏర్పాటు ఉంటుంది. మనం వేసిన అంకెలు తప్పో ఒప్పో చెబుతుంది తప్ప, సరైన అంకెలు చెప్పదు. అమ్మలు కూడా ఆ పని చేయొచ్చు. ఇంకా ముడి పడకపోతే దాచినవారికే ఒక ఉత్తరం రాయండి, ఎంతవరకు వచ్చారో చెప్పండి. చాలామంది సంతోషంగా ఒక అడుగు ముందుకి వేయిస్తారు.

కలిసి వెళ్ళడం కూడా తప్పు కాదు. ఒకరు విప్పి నలుగురు వెళ్ళి సంతకాలు పెట్టడం ఈ ఆటలో మామూలే. నలుగురూ ఒకచోట ఉంటే, విప్పిన పిల్ల దారిలో మిగతావాళ్ళకి ఎలా విప్పిందో చెబుతుంది. జవాబు వెంట మనిషి ఉంటుంది. గ్రూపులో పెట్టిన అంకెల వెంట ఎవరూ ఉండరు, అవి ఎవరి ఫోన్ నుంచి ఎవరి ఫోన్‌కి వెళతాయో మన చేతిలో ఉండదు.

ఇంకో సందర్భంలో మొహమాటం లేకుండా సాయం చేయాలి. కొన్ని పజిళ్ళు తెలివిని కాక, పుట్టి పెరిగిన చోటుని పరీక్షిస్తాయి. చీనా అంకెలు, హొక్కియెన్ మాటలు, ఇంగ్లీషువాళ్ళ పదప్రహేళికల మర్మాలు మన పిల్లలకి తెలియకపోవడం లోపం కాదు. అప్పుడు చీనా అంకెలు ఒకటి నుంచి పది వరకు నేర్పండి, లేదా పొరుగున ఉన్న చీనా మామ్మగారి దగ్గరికి పంపండి. తాళంచెవి ఎలా ఉంటుందో చెప్పడం వేరు, తలుపు తీసిపెట్టడం వేరు.

ఆ మాటకొస్తే ఈ సెలవుల్లో మనమే ఒకటి ఎందుకు దాచకూడదు? ముందు ఆ స్థలం చూసేవారి అనుమతి తీసుకోండి. ఆరంకెలనీ తెలుగు అంకెల్లో ముగ్గు చుక్కల మధ్య దాచండి. ౩, ౬, ౯ చూసి ఊరంతా తల గోక్కుంటుంది. మీ పిల్లలకి కూడా అవి రాకపోతే, ఆ వంకన వస్తాయి. ఎవరో జర్మన్ కుర్రాడో, చీనా టీచరో వారం రోజులు తంటాలు పడి "మీ అంకెలు నేర్చుకున్నాను" అని రాసినరోజు మీకెంత బాగుంటుందో ఊహించుకోండి. మర్నాడు ఎవరో ఆ ఆరంకెల్ని ఒక గ్రూపులో పెట్టేశారని తెలిస్తే ఎలా ఉంటుందో అది కూడా ఊహించుకోండి. జవాబు చెప్పేస్తే ఏం పోతుందన్న ప్రశ్నకి, ఈ రెండో ఊహే జవాబు.