రుఖ్సత్ చెప్పేటప్పుడు

విదేశాల్లో వైద్య ఖిద్మత్ చేసి వచ్చినవాళ్ళను మన ఖాందానుల్లో ఎంతో ఇజ్జత్‌తో చూస్తాం. ముబారక్‌లు, దావత్‌లు, మసీదు దగ్గర పొగడ్తలు. తప్పేమీ లేదు. సెలవు పెట్టుకుని బాంబుల మధ్యకు వెళ్ళాలంటే దిల్ ఉండాలి. కానీ ఆ కథల్లో ఒక మనిషి కనపడడు. వెళ్ళేవాడికి ఖుదా హాఫిజ్ చెప్పి, మళ్ళీ అదే వార్డులోకి నడిచిన స్థానిక సాథీ.

గాజా సంగతే తీసుకోండి. బయటి డాక్టర్లు కొన్ని వారాలు ఉండి వచ్చేస్తారు. అక్కడి నర్సు డ్యూటీ దిగి గుడారానికి పోతుంది, నీళ్ళకు, రొట్టెకు లైన్లో నిలబడుతుంది, పొద్దున్నే మళ్ళీ డ్యూటీకొస్తుంది. హిమ్మత్ ఇద్దరికీ ఉంది. బయటికి దారి ఒక్కరికే ఉంది.

2015 అక్టోబర్ 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందూజ్‌లో 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసింది. 42 మంది చనిపోయారు. వారిలో 14 మంది ఆసుపత్రి సిబ్బంది. ఆ 14 మందీ అఫ్ఘానులే.

అందుకే నా ఖయాల్ ఏమిటంటే, రుఖ్సత్ అంటే కౌగిలింతలు, సెల్ఫీలతో అయిపోయేది కాదు. అది అమానత్ అప్పగించడం. ఎవరి కుట్లు ఎప్పుడు విప్పాలి, ఎవరికి రెండో ఆపరేషన్ చేయాలి, ఏ మందు ఎంత మిగిలింది, అన్నీ రాసి వాళ్ళ చేతికివ్వాలి. 2024 మేలో రఫా సరిహద్దు మూతపడి గాజాలో చిక్కుకున్న డాక్టర్లలో కొందరు అమెరికన్లు, బయటపడే అవకాశం వచ్చినా, తమ బదులు ఇంకొకరు రానిదే కదలమన్నారు. జిమ్మేదారి అంటే అదే.

ఇంకో మాట. మొహమాటానికి "ఇన్‌షా అల్లాహ్, మళ్ళీ వస్తాను" అనకండి. మనం తమీజ్ కోసం అన్నదాన్ని వాళ్ళు వాదా అనుకుని ఎదురుచూస్తారు. రాలేనివాళ్ళు కూడా చేయగలిగింది చాలా ఉంది. ఎక్స్‌రే ఫోటో పంపితే చూసి మష్వరా ఇవ్వొచ్చు. అక్కడి కుర్ర డాక్టర్ పై చదువుకు సిఫారసు ఉత్తరం రాయొచ్చు.

రేపు మీ బేటానో బేటీనో అలా వెళ్ళొస్తే దావత్ తప్పకుండా చేయండి. దస్తర్‌ఖాన్ మీద మాత్రం ఒక సవాల్ వేయండి: "నీతో పనిచేసినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు?" జవాబ్ తెలియకపోతే, అన్నం తిన్నాక ఫోన్ చేయమనండి.