చిన్న పొట్ట, పెద్ద రహస్యం

ఈ వారం ఉత్తరాలలో వొకటి మిగతావాటన్నిటినీ పక్కకు నెట్టేసింది. ఎమ్మిగనూరు నుంచి వొక సోదరి రాశారు. పేరు వేయవద్దన్నారు, వేయను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు కూడా ఆమె కోరిక ప్రకారం మార్చాను. సంగతి మాత్రం యథాతథం.

"అక్కయ్యా, లావు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ చేయించుకొని 5 నెలలయింది. మా ఆయనకు తెలుసు. అత్తగారికి మాత్రం వేరే ఏదో ఆపరేషనని చెప్పాం. 28 కిలోలు తగ్గాను. కాని దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు వూడివస్తోంది. మాత్రలు కనబడితే ఎందుకని అడుగుతారని 2 నెలలుగా మానేశాను. రెండు ముద్దలకే చెయ్యి కడుక్కొంటే వంట బాగాలేదా అంటారు. వారి మాట కాదనలేక ఇంకొంచెం తింటే వాంతి అవుతుంది. ఇప్పుడైనా కడుపు పండాలని ఆవిడ మొక్కుకొంటున్నారు. నేనీ మాట ఎవరితో చెప్పుకోను? మా అత్తగారు సీరియల్ అయిపోగానే మీ శీర్షికే చదువుతారు. నేను చెప్పలేనిది మీరు చెప్పగలరా?"

ఎవరితో చెప్పుకోను అన్న ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. నాతో చెప్పుకోండి. నాకూ అదే ఆపరేషన్ అయింది. ఆరేళ్ళ కిందటి మాట. ఆదోనిలో మా వీధివాళ్ళకు తెలుసుగాని, ఈ పేజీలో ఇంతవరకు రాసే అవసరం రాలేదు. ఈ వారం వచ్చింది.

వాంతులూ, మాత్రలు మానెయ్యడమూ పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సంగతులు కావు. అందుకని ఆ రోజే ఆమెకు ఫోను చేశాను. ఈ ఆపరేషన్ తరువాత వాంతులు వూరికే సాగుతుంటే వొంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటిపోతుంది. వొకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలలో మిల్లు బియ్యం తినేవాళ్ళకు బెరిబెరి తెచ్చిపెట్టిన లోపం అదే. జొన్నరొట్టె తినే మన సీమలో దాని పేరు కూడా చాలామంది వినలేదు. ఈ లోపం ముదిరితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, చూపు చెదురుతుంది, మతి తప్పవచ్చు. సకాలంలో విటమిన్ ఎక్కిస్తే తేరుకొంటారు, ఆలస్యమైతే కొంత నష్టం మిగిలిపోతుంది. మర్నాడే భర్త ఆమెను డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్ళారు. ఇప్పుడు మందు జరుగుతోంది.

ఇక మిగతా పాఠకుల కోసం నాలుగు మాటలు. ఈ ఆపరేషన్ నిన్న మొన్న పుట్టింది కాదు. పుండు వల్ల పొట్టలో కొంత భాగం తీసివేయించుకొన్నవాళ్ళు బరువు తగ్గడం చూసి, 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను స్థూలకాయులకు గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. అందులో పొట్ట పైభాగాన ఇంచుమించు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి దానిని పేగుకు కలుపుతారు. రెండో పద్ధతి స్లీవ్. అందులో పొట్టసంచిలో ముప్పాతిక భాగం దాకా నిలువునా కోసి తీసివేస్తారు. మిగిలేది అరటికాయలాంటి గొట్టం. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టిన గ్రెలిన్ అనే ఆకలి రసం ఎక్కువగా తయారయ్యేది ఆ తీసివేసిన భాగంలోనే. అంచేత చాలామందికి కొంతకాలం ఆకలి కూడా మందగిస్తుంది.

సినిమా కబుర్లు చదివేవారికి వొక అనుమానం వుంటుంది. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు, అంతకు ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొన్నారని పత్రికలు రాశాయి. లైపోసక్షనంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చివేయడం. పొట్ట ఆపరేషన్ దానికి పూర్తిగా వేరు. అలాగని దీనిలో అపాయమే లేదనుకోకండి. కుట్టు దగ్గర కారడం, రక్తస్రావం, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం అరుదుగానైనా జరుగుతాయి. అందుకే ఇది అందానికి చేయించుకొనే పని కాదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలాదిమందిని ఏళ్ళ తరబడి గమనించిన వొక అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకొన్నవాళ్ళలో మరణాలు తక్కువని 2007లో తేలింది. చక్కెర జబ్బు, గురకతో వూపిరి ఆగే జబ్బు వున్న స్థూలకాయులలో చాలామందికి ఇది మేలు చేస్తుంది. ఖర్చు సంగతి అడిగేవారికి మరో మాట. 2019లో భీమా నియంత్రణ సంస్థ చేసిన నిబంధనల ప్రకారం, బి.ఎం.ఐ. 40 దాటినా, లేదా 35 దాటి తీవ్రమైన గుండెజబ్బు, అదుపులేని చక్కెరలాంటివి వున్నా, మిగతా మార్గాలు ఫలించక డాక్టరు చెబితే, ఆరోగ్య భీమా కంపెనీలు వూబకాయం పేరు చెప్పి దీన్ని తోసిపుచ్చరాదు. కాగితాలు జాగ్రత్తగా చదువుకోండి.

ఆపరేషన్ వొక పూట పని. తరువాతి బతుకే జన్మంతా. ఈ సోదరి అడిగినవి వరసగా చెబుతాను.

జుట్టు సంగతికి భయపడకండి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా చాలామందికి వూడుతుంది. బరువు వొక్కసారిగా తగ్గితే వొళ్ళు చేసే గోల అది. కుదుళ్ళు చావవు, మళ్ళీ వస్తుంది. అయితే మాంసకృత్తులూ, ఇనుమూ తక్కువైతే వూడడం ఆగదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. అంచేత నా కంచంలో వరస మారిపోయింది. ముందు గుడ్డో, పప్పో, పెరుగో, ఆ తరువాతే జొన్నరొట్టె. రొట్టెలో పావు ముక్కను పప్పులో నానబెట్టి, బుడ్డల పొడి అద్దుకొని, ఇరవై నిమిషాలు నములుతాను. తింటూ నీళ్ళు తాగను, అరగంట ఆగి తాగుతాను. ఉగ్గాని మానలేదు. నాలుగు చెంచాలు తిని, మిరపకాయ బజ్జి వొక ముక్క కొరికి మిగతాది పక్కవాళ్ళకిస్తాను. ఓళిగలు మాత్రం వాసనతో సరి. బైపాస్ అయినవాళ్ళు తీపి తింటే కొందరికి చెమటలు పట్టి గుండె దడదడలాడుతుంది.

మాత్రలు జీవితాంతం వేసికోవాలి. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ ఇదివరకటిలా వొంటబట్టవు. ఇనుమూ, కాల్షియమూ వొకేసారి మింగకుండా రెండు గంటలు ఎడం పెట్టాలి. ఏడాదికి వొక్కసారైనా రక్తపరీక్ష తప్పదు. వొళ్ళు నొప్పులకు మందుల షాపులో తోచిన బిళ్ళ కొనుక్కొని మింగకూడదు. చాలా నొప్పి బిళ్ళలు కొత్త పొట్టలో పుండు చేస్తాయి.

బిడ్డ సంగతి: తొందరపడవద్దు. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశం సాధారణంగా పెరుగుతుంది. ఆశ నిజమైనదే. కాని బరువు దిగుతూ, పోషకాలు చాలీచాలక వున్న వొంట్లో బిడ్డ పెరగకూడదు. అందుకే 12 నుంచి 18 నెలలు ఆగమంటారు డాక్టర్లు. ఆ లోపల ఏ జాగ్రత్త తీసికోవాలో వారినే అడగండి. కొన్ని మాత్రలు ఈ ఆపరేషన్ తరువాత సరిగ్గా పనిచేయకపోవచ్చు.

ఇవన్నీ డాక్టరు కాగితంలో వుంటాయి. కాగితంలో లేనిది తోడు. కర్నూలుకో, బళ్ళారికో, హైదరాబాదుకో వెళ్ళి ఆపరేషన్ చేయించుకొని వస్తాం. ఇక్కడికి వచ్చాక వొంటరివాళ్ళమవుతాం. ఆదోనిలో బస్సు దిగగానే ఎదురయ్యేది, "ఏం మే, ఇంత చిక్కిపోయినావే, సుగరేమన్నా వచ్చిందా?" అన్న పలకరింపే. మా గుంపు పుట్టింది అందుకే. మేం ఐదుగురం. ఎమ్మిగనూరు నేతపనివారింటి ఇల్లాలు వొకరు, ఆదోని పత్తి మార్కెట్టులో గుమాస్తా వొకాయన, మేమంతా ఆపా అని పిలిచే టీచరమ్మ, కిరాణా కొట్టు నడిపే వొక తమ్ముడు, నేను. వొక నెల ఆదోనిలో, వొక నెల ఎమ్మిగనూరులో కలుస్తాం. మూడే కట్టుబాట్లు: ఇక్కడ విన్నది బయట అనకూడదు. ఎవరూ ఎవరికీ మందు చెప్పకూడదు. కిలోల పందెం పెట్టకూడదు.

అక్కడ ఏం జరుగుతుందంటారా? గుమాస్తాగారు వొకనాడు తలవంచుకొని, ఇదివరకు మూడు గ్లాసులకు ఎక్కే మత్తు ఇప్పుడు వొక్క గ్లాసుకే ఎక్కుతోందనీ, రోజూ కావాలనిపిస్తోందనీ అన్నారు. ఈ ఆపరేషన్ తరువాత, ముఖ్యంగా బైపాస్ తరువాత, సారా త్వరగా నెత్తికెక్కుతుంది, కొందరికి వ్యసనంగా మారుతుంది. ఇంట్లో చెప్పలేని ఆ మాట ఆయన మా మధ్య చెప్పారు. ఇద్దరం వెంట వెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టాం. రంజాను నెల వచ్చే ముందు ఆపా ఉపవాసం గురించి డాక్టరును అడిగి రాసుకొని వస్తుంది. నేను 116 కిలోల నుంచి 76కు దిగి, మళ్ళీ 82కు వచ్చినప్పుడు, "అక్కా, కొంత తిరిగి రావడం చాలామందికి వున్నదే, సాయంత్రాలు ఏం తింటున్నావో చెప్పు" అని నేతవారి ఇల్లాలే అడిగింది. ఇంకెవరు అడిగినా నాకు కోపం వచ్చేది.

ఇలాంటి గుంపులకు వచ్చేవాళ్ళు బరువు బాగా తగ్గుతున్నట్టు కొన్ని అధ్యయనాలు చెప్పాయి. పట్టుదల గలవాళ్ళే గుంపుకు వస్తారేమో, అదీ నిజమే కావచ్చు. నాకు అంతకంటే ఎమ్మిగనూరు చెప్పే పాఠం మీద నమ్మకం. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టినప్పుడు, మగ్గం ఎవరిది వారి దగ్గరే వుంది, నేసింది ఎవరికి వారే. నూలు కొనేటప్పుడూ గుడ్డ అమ్మేటప్పుడూ మాత్రం వొంటరితనం పోయింది. మా గుంపూ అంతే. ఎవరి పొట్ట వారిదే, ఎవరి మాత్రలు వారివే.

ఇక మీతో వొక మాట, అత్తగారూ. ఎమ్మిగనూరులో ఈ పేజీ చదివే అత్తగార్లందరితోనూ అంటున్నాను.

మన పడమటి సీమలో పెట్టడమే ప్రేమ. దానికి కారణం వుంది. 1876-78 కరువులో ఈ నేల బూడిదైంది. ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలో వుండేది. 1877లో కరువు పని చేసే కూలీకి రోజుకు పౌను గింజలు, అంటే 450 గ్రాములు, చాలునని టెంపుల్ దొర లెక్కగట్టాడు. వానలు మోసం చేసిన ఏడు మన పల్లెలు ఇప్పటికీ సుగ్గికి తరలిపోతున్నాయి. అలాంటి చోట పుట్టిన మనకు కోడలు నిండుగా వుంటే ఇంట్లో లక్ష్మి వున్నట్టు, చిక్కిపోతే అరిష్టం వచ్చినట్టు అనిపిస్తుంది. "తిను మే, ఇంకొకటేస్తా" అనే చెయ్యి తప్పు చెయ్యి కాదు. అయితే ఆ చెయ్యి ఇప్పుడు కొత్త లెక్క నేర్చుకోవాలి. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు రెండు ముద్దలే భోజనం, మూడోది బాధ. వంటకు వంక పెట్టడం కాదది.

ఇలాంటి ఆపరేషన్ చేయించుకొన్న పిల్ల సోమరిదనీ, నోరు కట్టుకోలేకపోయిందనీ అనుకోకండి. వంశంలో వచ్చే లావు, జబ్బులు, మందులు, ఇవన్నీ కలిసిన వ్యాధి అది. ఇన్నేళ్ళు ఎన్ని ఉపవాసాలుండి ఎన్నిసార్లు ఓడిపోయి వుంటుందో ఆమెకే తెలుసు. మీకు చెప్పకపోవడం మీరంటే లెక్కలేక కాదు, మీ మాట అంత బరువైనది కావడం వల్ల.

సోదరీ, నీ బదులు నేను చెప్పలేను. ఆ మాట నీ నోటే రావాలి, పక్కన నీ భర్త వుండాలి. నేను చేయగలిగింది దారి వూడ్చడం వరకే. వచ్చే నెల మా గుంపు మీ వూళ్ళోనే కలుస్తుంది. నువ్వు రా. అత్తగారు వస్తానంటే ఆవిడనూ తీసుకురా. ఆవిడ అడిగేవాటికి జవాబు చెప్పడానికి మేం ఐదుగురం వున్నాం.

అత్తగారూ, ఆ ఉత్తరం మీ ఇంటిదో కాదో నాకు చెప్పనక్కరలేదు. ఈ రాత్రి మీ కోడలు రెండు ముద్దలకే లేవబోతే, మాత్రలు వేసికొన్నావా అని మాత్రం అడగండి.