మాటల ముచ్చట: జ్యూరీ, జెర్రీ

ఇంగ్లీషులో వచ్చీరాని మరమ్మతును గురించి చెప్పేటప్పుడు మనవారు రెండు మాటలను ఒకదానికి బదులొకటి వాడుతూ ఉంటారు. ఒకటి 'జ్యూరీరిగ్డ్', రెండవది 'జెర్రీబిల్ట్'. వినడానికి అక్కచెల్లెళ్ళలాగున్నా వీటికి చుట్టరికం లేదు.

మొదటిది ఓడవారి మాట. నడిసముద్రంలో తెరచాప కొయ్య విరిగితే, చేతికి దొరికిన దుంగను నిలిపి, దానికే చాప కట్టి రేవు చేరుకునేవారు. ఆ కొయ్యను 'జ్యూరీ మాస్ట్' అన్నారు. 1616లో అచ్చయిన కెప్టెన్ జాన్ స్మిత్ పుస్తకంలోనే ఈ మాట ఉన్నది. కోర్టులో కూర్చునే జ్యూరీతో దీనికి సంబంధమున్నట్టు ఆధారం లేదు. సాయమనే అర్థం గల పాత ఫ్రెంచి మాటనుంచి వచ్చిందని కొందరంటారు, అదీ ఊహే. ఏమైనా ఇందులో నింద లేదు, ఆపద్ధర్మమే ఉన్నది.

గోపాలపురం రేవు సంగతి ఎరిగిన మనకు ఇది కొత్త గాదు. పూర్వం ఓడలు దూరాన లంగరు వేస్తే, సరుకులనూ జనాన్నీ మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. ఆ పడవల పలకలకు ఇనుప మేకులుండవు. కొబ్బరి పీచు తాటితో కుట్టేవారు. అలల దెబ్బకు పడవ కాస్త సాగి తట్టుకునేది. కుట్టు తెగితే విప్పి మళ్ళీ కుట్టడమే. అతుకే గదా అని పడవవారు చులకన చేసేవారు కారు, అందులో కూర్చునేది తామే గనుక.

రెండవది గోడల మాట. 'జెర్రీబిల్ట్' 1869 నాటికే అచ్చులో ఉన్నది. జర్మనులను జెర్రీలనడం మొదటి ప్రపంచయుద్ధం నాటి ముచ్చట కాబట్టి ఆ పుట్టుక చెల్లదు. బైబిలులో కూలిన జెరికో గోడల కథా, లివర్‌పూలు మేస్త్రీల కథా రుజువు కాలేదు. అర్థం మాత్రం స్పష్టం: మసిపూసి మారేడుకాయ చేసిన కట్టడం.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన తర్వాత మన ఇండ్లలో రెండు రకాల పనీ చూశాము. రేకులు ఎగిరిపోయిన చోట టార్పాలిన్ పరచి, తాళ్ళతో బిగించి, పైన ఇటుకలు పెట్టుకున్నాము. అది జ్యూరీ పని. నడవ గోడ పగుళ్ళకు పైపైన సిమెంటు మెత్తి, సున్నం కొట్టి, "ఇక నూరేళ్ళకు ఢోకా లేదండీ" అని డబ్బు పుచ్చుకొని పోయిన మేస్త్రీది జెర్రీ పని. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఆ గోడ పక్కనే పిల్లలను పడుకోబెట్టిన ఇల్లు మేమెరుగుదుము. అదృష్టం కొద్దీ పెచ్చులే రాలాయి. టార్పాలిన్ కిందనైతే ఏ తల్లీ పడుకోబెట్టి ఉండదు; సున్నం చూసి నమ్మింది.

ఇప్పుడు రెండింటినీ కలిపి 'జెర్రీరిగ్డ్' అంటున్నారు, నిఘంటువులూ ఒప్పుకున్నాయి. మాకు మాత్రం, చిల్లుబిందెకు మాటు వేసిన వానినీ, మైనం అద్ది అమ్మినవానినీ ఒకే పేరున పిలవడం రుచించదు.