ఒంటి గదియా, ఉమ్మడి గదియా?

ఇంటర్మీడియట్ పూర్తిచేసి పై చదువుకు సీటు సంపాదించుకొన్న పిల్లలున్న ప్రతి ఇంటిలోను, వేసవి చివర ఒక చర్చ జరుగుతుంది. కళాశాల నిశ్చయమైనది, ఏమి చదవవలెనో నిశ్చయమైనది, ఇక ఉండేదెక్కడ? ఇటువంటి వేళ ఊరివారు నమ్మి అడిగేది బడిపంతులుగారినే. "మాస్టారూ, మా అమ్మాయికి హాస్టలులో ఎటువంటి గది తీసుకోమంటారు?" అని అడిగిన తండ్రికి ఏమి చెప్పవలెనన్నది చిన్న విషయంగా కనిపించవచ్చును. కాని ఆ పిల్ల చదువు కుదురుకొనటం, కుదురుకొనకపోవటం చాలావరకు ఆ జవాబును బట్టి ఉంటుంది.

హైదరాబాదులో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి పేటలలో ఏ వీధిలో నడిచినా హాస్టళ్ల బోర్డులు కనిపిస్తాయి. సింగిల్, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని వాటిమీద వరుసగా వ్రాసి ఉంటుంది. గదిలో మంచాలు పెరిగినకొద్దీ అద్దె తగ్గుతుంది. ఏ.సి. ఉన్నదా, స్నానాలగది గదిలోనే ఉన్నదా, ఇంటర్నెట్టు వస్తుందా అని తల్లిదండ్రులు విచారిస్తారు. అవి విచారించవలసినవే. అయితే ఈ ధరల పట్టిక పిల్లల మనసులో తెలియకుండానే మరొక భావాన్ని నాటుతున్నది. సొమ్ము ఇచ్చుకోగలవానికి ఏకాంతం, ఇచ్చుకోలేనివానికి సహవాసం! సహవాసమంటే గత్యంతరం లేక ఓర్చుకోవలసిన అసౌకర్యం అన్నమాట. ఈ భావం సరియైనది కాదని చెప్పటానికే ఈ వ్యాసం.

తొలి సంవత్సరపు విద్యార్థికి కళాశాల ఆవరణలోనే ఉన్న హాస్టలులో, ఇద్దరికో ముగ్గురికో మించని ఉమ్మడి గది, అందులోను మునుపు పరిచయం లేనివారితో పంచుకొనే గది మేలైనదని నా అభిప్రాయం. ఒంటిగది కోరేవారిని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. వారి కోరిక వెనుక ఉన్న బాధను ముందుగా గ్రహించవలసి ఉన్నది.

ఇప్పుడు డిగ్రీలోను, ఇంజనీరింగులోను చేరుతున్న పిల్లలలో అనేకులు అంతకు ముందు రెండేండ్లు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలలో గడిపి వచ్చినవారే. తెల్లవారక ముందు గంట, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవరు, వారం వారం పరీక్ష, మార్కుల వరుసను బట్టి సెక్షను. ఒక్కొక్క గదిలో ఎందరో ఉంటారు. అయినా ప్రక్క మంచంమీది వాడితో నిదానంగా మాట్లాడుకొనే తీరిక ఉండదు. ఆ ప్రక్కవాడు స్నేహితుడు కాడు, ర్యాంకులో పోటీదారు. అటువంటి చోటునుండి వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్లవాడు "నాకొక్కనికే గది కావలె" అన్నాడంటే ఆశ్చర్యమేమున్నది? దాహం వేసినవాడు నీళ్లడిగినట్లే అది.

కాని ఇక్కడ ఒక పొరపాటు జరుగుతున్నది. ఆ రెండేండ్లలో వానిని బాధించినది తోటివారు కారు. బాధించినది క్షణం తీరిక ఇవ్వని కట్టడి. నిదుర, ఆట, మాట అన్నీ గంట చెప్పినట్లు నడవవలసి రావటం. అక్కడ నలుగురున్నారు గాని స్వేచ్ఛ లేదు. ఇప్పుడు వాడు స్వేచ్ఛను కోరుతూ నలుగురిని వదలుకొంటున్నాడు. కళాశాల ఇవ్వగలిగిన అరుదైన మేలు ఈ రెండూ ఒకేచోట దొరకటం. స్వేచ్ఛ కలిగిన సహవాసం మనిషికి తిరిగి అంత సులభంగా లభించదు. ఉద్యోగంలో అధికారం అడ్డువస్తుంది, సంసారంలో బాధ్యత అడ్డువస్తుంది.

ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. దీనిని సాధారణంగా చెడు స్నేహాలను గూర్చి హెచ్చరించటానికే వాడుతాము. కాని అందులోని సత్యం మంచికీ చెడ్డకూ సమానమే. విదేశాలలో దీనిని పరీక్షించి చూచినవారున్నారు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో తొలి సంవత్సరం వారికి గదులు ఇంచుమించు చీటీలు తీసినట్లు కేటాయించేవారు. ఆ జంటలను పరిశీలించి బ్రూస్ సాసర్డోట్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు 2001లో ఒక పరిశోధన ప్రచురించినాడు. ఒకే గదిలోనివారు ఒకరి మార్కులను మరొకరు ప్రభావితం చేసినట్లు, ఏ విద్యార్థి సంఘంలో చేరవలెనన్న నిర్ణయంలోను ఒకరి ప్రభావం మరొకరిపై ఉన్నట్లు తేలినది. ఏ శాస్త్రం ప్రధానంగా చదవవలెనన్న విషయంలో మాత్రం అటువంటి ప్రభావం కనిపించలేదు. అంటే గదిలోనివాడు మన దారిని మార్చకపోవచ్చును. ఆ దారిలో మనం నడిచే తీరును మార్చగలడు.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశీలన మనకు మరింత సన్నిహితమైనది. జాతిభేదాన్ని చట్టంగా చేసుకొని ఎన్నో ఏండ్లు బ్రతికిన దేశమది. అక్కడ తొలి సంవత్సరం విద్యార్థులను ఇద్దరేసి చొప్పున, జాతి చూడకుండా గదులలో చేర్చినారు. నల్లజాతి విద్యార్థితో గది పంచుకొన్న తెల్లజాతి విద్యార్థులలో ఆ జాతిని గూర్చిన దురభిప్రాయం తగ్గినది. అటువంటి గదులలోని నల్లజాతి విద్యార్థుల పరీక్షాఫలితాలు మెరుగుపడినవి. 2022లో ప్రచురితమైన ఈ పరిశోధనలో గమనించదగినది, లాభం ఇరువైపులా ఉండటం. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు చేరక ముందే సామాజిక మాధ్యమాలలో వెదకి, తమవంటివారినే గదిలోకి ఎంచుకోసాగినారు. అది చూచి ఆ విశ్వవిద్యాలయం 2018లో ఆ పద్ధతి మాన్పించి, తొలి సంవత్సరం వారికి గదిలో తోడును తానే కేటాయించటం మొదలుపెట్టినది.

మన దేశంలో ఈ మాటకు కొత్తగా ఋజువులు వెదకనక్కరలేదు. నాగార్జునకొండ విహారాల కట్టడాన్ని గుర్తుచేసుకొనండి. ఇక్ష్వాకుల కాలంలో, క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో, అక్కడ భిక్షువులకు చిన్న చిన్న గదులు వరుసగా కట్టినారు. ఆ వరుసల నడుమ స్తంభాల మండపం. సింహళంనుండి వచ్చినవారికి ప్రత్యేకంగా ఒక విహారం ఉండినట్లు అక్కడి శాసనమే చెబుతున్నది. నాగార్జునసాగర్ జలాలు నిండక ముందు త్రవ్వి తీసిన ఆ కట్టడాలలో కొన్నింటిని ద్వీపంమీద, అనుపులోను తిరిగి నిలిపినారు గనుక విద్యార్థులు వెళ్లి చూడవచ్చును. పడుకొనటానికి ఎవరి గది వారిదే. కాని గడప దాటితే నలుగురూ కూర్చొనే చోటే ఎదురవుతుంది. నేటి ఒంటిగదిలో అన్నం తలుపు దగ్గరకే వస్తుంది, పాఠం తెరమీదికి వస్తుంది, స్నానం లోపలే జరుగుతుంది. గడప దాటవలసిన అవసరమే లేకుండా కట్టిన గది అది. నా ఆక్షేపణ మంచాల సంఖ్యను గూర్చి కాదు, ఈ అవసరం లేకపోవటాన్ని గూర్చి.

ఇక దగ్గరి చరిత్ర. నిజాం పాలనలో పల్లెలనుండి హైదరాబాదుకు చదువుకోసం వచ్చే తెలుగు పిల్లలకు తలదాచుకొనే చోటు దొరకని రోజులలో, 1918లో రెడ్డి హాస్టలు వెలసినది. రాజబహదూర్ వెంకటరామిరెడ్డిగారు దానికి అండ. సురవరం ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణ చూచినవారు. ఆ తర్వాత మరికొన్ని కులాలవారు కూడ అటువంటివి నెలకొల్పినారు. ఆనాడు ఆ హాస్టళ్లు లేకుంటే ఎందరికో చదువే లేదు. వాటి ఋణం తెలంగాణం మరువరానిది.

ఆ నగరంలోనే 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థనా సమయంలో వందేమాతరం పాడినారు. అధికారులు నిషేధించినారు, సమ్మె జరిగినది, బహిష్కరణలు జరిగినవి. నిజాం రాజ్యంలోని ఇతర కళాశాలలకు కూడ ఉద్యమం ప్రాకినది. చదువు పోగొట్టుకొన్నవారికి నాగపూరు విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చినది. అలా వెళ్లి చదువుకొన్నవారిలో పి.వి. నరసింహారావుగారు ఒకరు. తలుపులు మూసుకొని ఎవరి గదిలో వారుండే విద్యార్థులకు ఇటువంటి సాహసం సాధ్యమై ఉండేదా? కలిసి కూర్చొనటం, కలిసి తినటం అలవాటైనవారే కలిసి నిలబడగలరు.

ఈ చెప్పినదానికి ఒక అనుబంధం ఉన్నది. ఉమ్మడి గది తీసుకొన్నా, మన ఊరివాడో, మన బంధువుల అబ్బాయో, మన కులంవాడో అందులో ఉంటే చాలునని పెద్దలు తలుస్తారు. "తెలిసినవాడుంటే ధైర్యం" అంటారు. మొదటి పదిరోజులకు అది నిజమే. కాని ఊరినుండి ఊరిని మూటకట్టుకొని వచ్చినవాడు కొత్తగా చూచేదేమున్నది? శ్రీకాకుళం పిల్ల, అనంతపురం పిల్ల, ఆదిలాబాదు పిల్ల ఒక గదిలో పడినప్పుడు మొదట ఒకరి మాట ఒకరికి వింతగా తోస్తుంది. నెల తిరిగేసరికి ఒకరి పచ్చడి ఒకరి కంచంలో పడుతుంది. తెలుగు బోధించేవానిగా చెబుతున్నాను, మాండలికాలను గూర్చి నేను తరగతిలో ఎన్ని గంటలు చెప్పినా ఆ ఒక్క గది నేర్పినంత నేర్పలేను. తెలిసినవాడు ప్రక్క గదిలో ఉండనీయండి, అవసరానికి అందుతాడు.

అభ్యంతరాలు లేకపోలేదు. పదిమందిని ఒక హాలులో కుక్కి దానినే సహజీవనమంటే ఎవరూ ఒప్పుకోరు. కూర్చొని చదువుకొనటానికి ఒక బల్ల, పెట్టెకు తాళం, కిటికీగుండా వెలుతురు, చాలినంత నీరు - ఇవి లేనిచోట సహవాసం కాస్తా తగవులాట అవుతుంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకొనే పిల్లలకు ఈ కనీసపు వసతులు సమకూర్చటం ప్రభుత్వ బాధ్యత. వారికి సర్దుకుపొమ్మని నీతులు చెప్పటం మన పని కాదు. అనారోగ్యం వల్లగాని, అంగవైకల్యం వల్లగాని, మనసుకు తగిలిన గాయం వల్లగాని ఏకాంతం అవసరమైనవారు ఉంటారు. వారికి ఒంటిగది విలాసం కాదు.

ర్యాగింగు భయం మరొకటి. ఆంధ్రప్రదేశ్‌లో దీనిపై 1997లోనే చట్టం వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం చేసిన నిబంధనల ప్రకారం కొత్తగా చేరినవారిని వీలైనంతవరకు ప్రత్యేకమైన హాస్టలు భాగంలో ఉంచవలెను. అది లేనిచోట పై తరగతులవారి రాకపోకలపై వార్డెను నిఘా ఉండవలెను. కాబట్టి తండ్రి మొదట అడగవలసినది ఏ.సి. సంగతి కాదు, "తొలి సంవత్సరం వారిని ఎక్కడ ఉంచుతారు? రాత్రివేళ వార్డెను అక్కడే ఉంటారా?" అని. ఆడపిల్ల విషయంలో మరొక ప్రశ్న కూడ అడగవలెను: గ్రంథాలయం మూసే వేళ ఏది, హాస్టలు గేటు మూసే వేళ ఏది? మొదటిదానికంటె రెండవది ముందైతే, ఆ కళాశాల ఆమెకు ఫీజు తీసుకొని పుస్తకాలు ఇవ్వనట్లే.

ఇద్దరి గదియా, ముగ్గురి గదియా అన్నప్పుడు దేని చిక్కు దానిది. ఇద్దరిలో మాట పట్టింపు వస్తే సర్దిచెప్పేవారుండరు. ముగ్గురిలో ఇద్దరు ఒకటై మూడవవారిని ఏకాకిని చేసే ప్రమాదమున్నది. ఏదైనా సరే, చేరిన మొదటి వారంలోనే రాత్రి దీపం ఎప్పుడు ఆర్పవలెను, ఫోనులో బిగ్గరగా ఎక్కడ మాట్లాడవలెను, గది ఊడ్చే వంతు ఎవరిది అన్నవి తేల్చుకొంటే తగవులు చాలావరకు తప్పుతాయి. అలిగి మౌనంగా ఉండటంకంటె, "నాకు ఈ వెలుతురులో నిదుర రావటం లేదు" అని నెమ్మదిగా చెప్పటం నేర్చుకొనటం మంచిది. ఈ ఒక్క మాట చెప్పలేకనే సామాను సర్దుకొని ఇంటికి వెళ్లిపోయిన మంచి విద్యార్థులను నా ఉద్యోగకాలంలో చూచినాను. నెలలు గడచినా సామరస్యం కుదరకపోతే గది మార్పించుకొనటంలో అవమానం లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు చివరిగా ఒక మనవి. హాస్టలు ఎంపికకు తండ్రి ఒక్కరే వెళ్లి డబ్బు కట్టి రావద్దని చెప్పండి. ఉండవలసిన పిల్లను వెంట తీసుకొనిపొమ్మనండి. ఆమె మంచం చూడవలె, మెస్సులో ఒకపూట భోజనం చేయవలె, అక్కడ ఉంటున్న ఒకరిద్దరు అమ్మాయిలతో పెద్దలు లేకుండా మాట్లాడవలె. ఇంతకాలం బడి, సెక్షను, ర్యాంకు అన్నీ ఇతరులే నిర్ణయించిన ఆ పిల్లకు స్వయంగా ఆలోచించి తీసుకొనే తొలి నిర్ణయం ఇదే కావచ్చును. ఆమె అన్నీ చూచి, ఆలోచించి ఒంటిగదే కావలెనన్నా సరే, ఆ మాట ఆమె నోట రావలెను. అయితే ఆమె వెళ్లేముందు, ప్రక్క మంచం ఖాళీగా ఉన్న గదిని కూడ ఒకసారి చూచి రమ్మని మీరు చెప్పి పంపండి.